నందీష్ సార్ నంబరు

పావగడ డిగ్రీ కాలేజీ పిల్లలను ఎవరినైనా ఆపి ఫోన్ నంబరు అడగండి, సగం మంది ఒకే నంబరు చెబుతారు. అది నందీష్ సార్ నంబరు.

స్కాలర్‌షిప్ అర్జీలో అదే నంబరు, పరీక్ష ఫీజులో అదే, బస్ పాసులో అదే, ఈమెయిల్ తెరిచినప్పుడు ఇచ్చిందీ అదే. నందీష్ ఆ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేస్తాడు. పాడైన కంప్యూటర్లను బాగుచేసేదీ అతనే, పిల్లలకు నలభై గంటల డిజిటల్ శిక్షణ ఇచ్చేదీ అతనే. ల్యాబ్‌లో ఇరవై రెండు కంప్యూటర్లు ఉన్నాయి. వాటిలో పద్నాలుగు లేస్తాయి, మిగతావి బొమ్మల కొలువు. కనుచూపు మేరా సోలార్ కరెంటు పండే తాలూకాలో ఉండి కూడా, సరిగ్గా అర్జీ పంపే వేళకు ఆ ల్యాబ్‌లో కరెంటు పోతుంది. అప్పుడు పిల్లలు ఉసూరుమంటారు, నందీష్ తన ఫోన్ తీస్తాడు, పని అయిపోతుంది. అలా అలవాటు చేశాడు.

మొదట్లో ఇందులో తప్పేమీ లేదు. వల్లూరు, క్యాతగానచెర్లు వైపు ఇళ్లలో శనక్కాయ పండించిన నేలంతా సోలార్ ప్యానెళ్ల కిందికి పోయింది. ఇచ్చిన నేలకు ఏటా కౌలు వస్తుంది, అదే నేలలో ప్యానెళ్లు కడిగే పనో కాపలా పనో దొరుకుతుంది. ఇంటికి ఒకటే ఫోన్, అది పనికి పోయేవాళ్ల కొంగున పోతుంది. గేటు దగ్గర కాపలావాడు దాన్ని తీసుకుని చెక్కడబ్బాలో పెడతాడు, మళ్లీ సాయంత్రమే ఇవ్వడం. అర్జీకి వచ్చే ఓటీపీ ఆయుష్షు చూస్తే పది నిమిషాలు. ఒక పిల్ల అలా మూడు రోజులు తిరిగి తిరిగి ల్యాబ్‌లో ఏడ్చింది. నందీష్‌కు జాలి వేసి, నా నంబరు పెట్టేయమ్మా అన్నాడు. అది నిజమైన జాలే, కాదనడానికి లేదు. తర్వాత అది అలవాటైంది, ఆ తర్వాత సౌకర్యమైంది, చివరికి కొంచెం గొప్ప కూడా అయింది. పిల్లలు పాస్‌వర్డ్ మరిచిపోతున్నారని దాన్నీ అందరికీ ఒకటే పెట్టాడు. తన పేరు, దాని వెనక ఒకటి రెండు మూడు.

అతనిది నిడుగల్లు. కొండమీద కోట, కొండ కింద గొర్రెల దొడ్లు. తాత చిన్నరంగప్ప పది ఇళ్ల గొర్రెలను ఒక్క మందగా కలిపి మేతకు తోలుకుపోయేవాడు. వేరే మందల్లో కలిసిపోకుండా అన్నింటి వీపు మీదా ఎర్ర జాజుతో ఒకటే గుర్తు వేసేవాడు. మనవడు చేసిందీ అదే పని, కాకపోతే కుర్చీలో కూర్చుని చేశాడు.

శిక్షణలో మొదటి పాఠం మాత్రం బోర్డు మీద అందంగా రాసేవాడు. మీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదు, కొట్టేటప్పుడు పక్కనున్న వాళ్లను అటు తిరగమనాలి. అలా రాసి, చేతులు దులుపుకుని, అదే పూట నలభై మందికి ఒకే పాస్‌వర్డ్‌తో ఖాతాలు తెరిచేవాడు. ఎవరైనా నవ్వి ఉంటే బాగుండేది. ఒక్కరూ నవ్వలేదు.

వాళ్లలో అడిగిందల్లా అర్పిత ఒక్కతే. వల్లూరు పిల్ల, బీఎస్సీ ఆఖరి ఏడాది. తల్లి రంగక్క ప్యానెళ్లు కడుగుతుంది, తండ్రి నరసింహప్ప అక్కడే రాత్రిపూట గేటు కాపలా. అర్పిత బెంగళూరులో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదవాలని ప్రవేశపరీక్ష రాసింది. నరసింహప్ప మాట కచ్చితమైన మనిషి. సీటు వస్తే పంపిస్తా, రాకపోతే మీ అమ్మతో పాటు ప్యానెళ్ల కాడికి పోవాల అని ముందే చెప్పేశాడు. అంటే ఆ పిల్ల బతుకంతా ఒక మెసేజ్ మీద ఉంది. ఆ మెసేజ్ వచ్చేది నందీష్ ఫోన్‌కి.

అర్జీ నింపే రోజు అర్పిత కుర్చీ పక్కన నిలబడి అడిగింది.

"ఒకతూరి నాకి నేర్పీండి సార్. నేనే కొట్టుకుంటా."

బయట ఇంకా ముప్పై ఏడు మంది వరుసలో ఉన్నారు. నేర్పితే అరగంట, తానే కొడితే నాలుగు నిమిషాలు.

"నీకెందుకమ్మా ఆ తిప్పలు, నేను లేనా? సీటొస్తే నా ఫోను మోగుతాది, నేనే చెప్తా పో."

ఆమె వెళ్లింది. నలభై గంటల శిక్షణ పూర్తి చేసిందని సర్టిఫికెట్ మీద నందీష్ సంతకం కూడా పెట్టాడు.

ఆ శిక్షణ పుణ్యమా అని అతనికి సన్మానం కూడా జరిగింది. రెండు వందల పన్నెండు మంది గ్రామీణ విద్యార్థులకు కంప్యూటర్ నేర్పిన ఉపాధ్యాయుడని కాలేజీలో సభ పెట్టి శాలువా కప్పారు. సభలో అతని ఫోన్ ఊరుకోలేదు. అది స్కాలర్‌షిప్‌ల సీజను. ప్రిన్సిపాల్ మాట్లాడుతుంటే టింగుమంది, అతిథి మాట్లాడుతుంటే టింగుమంది. ప్రిన్సిపాల్ కళ్లతోనే కసిరాడు. నందీష్ సిగ్గుపడి మెసేజ్‌ల శబ్దం ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. శాలువా ఇంటికి తెచ్చి అమ్మకు చూపించాడు, చుట్టాలకు ఫొటో పంపాడు, అందరి మెప్పూ తిన్నాడు. ఆపిన శబ్దాన్ని మళ్లీ పెట్టడం మరిచిపోయాడు. మొత్తం ఆరు రోజులు. ఓటీపీ కావాల్సి వస్తే పైనున్న మెసేజ్ ఒక్కటే చూసి వదిలేసేవాడు.

ఏడో రోజు అర్పిత వచ్చి రెండు లిస్టులూ వచ్చినాయంట గదా సార్, చూస్తారా అని అడిగింది. నందీష్ ఆమె ఈమెయిల్ తెరిచాడు. కంప్యూటర్ తెర అతని వైపు ఉంది, ఆమె దాని వెనక నిలబడి ఉంది. పైన ఒక ఉత్తరం, కింద ఒక ఉత్తరం. కింద ఉన్నది సన్మానం నాటిది. అభినందనలు, మీకు సీటు కేటాయించాం, మూడు రోజుల్లోగా మీ అంగీకారం తెలపండి అని ఉంది. పైన ఉన్నది నాలుగు రోజుల తర్వాతిది. గడువులోగా అంగీకారం రానందున మీ సీటును తర్వాతి అభ్యర్థికి ఇచ్చాం అని ఉంది.

నందీష్ ఆ తేదీలు రెండుసార్లు చూశాడు. ఫోన్ తీసి చూస్తే నూట నలభై మెసేజ్‌లు, వాటి నడుమ ఆ పిల్ల మెసేజ్ కూడా ఉంది. నిజం చెప్పడానికి అప్పుడు అతనికి ఒక్క క్షణం దొరికింది. ఆ క్షణంలో అతనికి ఆ పిల్ల గుర్తుకు రాలేదు, శాలువా గుర్తుకొచ్చింది. ఆ సంగతి అతను తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నాడో లెక్క లేదు.

"రాలేదమ్మా," అన్నాడు.

రెండో లిస్టులో కూడానా అని ఆమె అడిగింది. దాంట్లో గూడా రాలేదన్నాడు. ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. తర్వాత, సరే సార్, నా కోసరం మీరు శానా కష్టపడినారు అని చెప్పి వెళ్లిపోయింది. కష్టపడ్డాడట. తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

ఆమె గేటు దాటాక నందీష్ యూనివర్సిటీ ఆఫీసుకు ఫోన్ చేశాడు. పదకొండోసారికి ఒకాయన ఎత్తాడు. సీటు నిండిపోయిందని, చేరే గడువు కూడా ముగిసిందని, ఇక వచ్చే ఏడాదేనని మర్యాదగానే చెప్పాడు. ఫోన్ పెట్టేశాక నందీష్ రెండో పని చేశాడు. మొదట చెప్పిన అబద్ధం కంగారులో నోరు జారిందే అనుకుందాం, ఈ రెండోదాన్ని మాత్రం అలా అనలేం. అర్పిత ఖాతాలోని ఆ రెండు ఉత్తరాలనూ డిలీట్ చేశాడు. ట్రాష్‌లో ఉన్నవి ముప్పై రోజుల తర్వాత వాటంతట అవే చెరిగిపోతాయని తెర మీద ఒక వాక్యం కనిపించింది.

ఆ రోజుల లెక్క అతను ఒక్కనాడూ మరిచిపోలేదు. అన్నం ముందు కూర్చుంటే ఈరోజు ఆరు, స్నానం చేస్తుంటే ఈరోజు తొమ్మిది. ముప్పై అయిపోతే తనకు హాయి అని ఒక మనసు చెప్పేది. ముప్పై అయిపోతే ఆ పిల్లకు సీటు వచ్చిందనడానికి ఇక ఏ ఆధారమూ మిగలదని ఇంకో మనసు చెప్పేది. సీటు వస్తే పంపిస్తానన్న నరసింహప్ప ముందు పెట్టడానికి ఆమె దగ్గర ఉన్నదల్లా ఆ ఉత్తరమే. ఫోన్‌లో వచ్చిన మెసేజ్ చాలదు, ఎవరి ఫోన్‌కో వచ్చిన మాటను ఆయన నమ్మడు. రెండు మనసులూ కొట్టుకుంటుంటే నందీష్ మధ్యలో కూర్చుని పిల్లలకు స్కాలర్‌షిప్ అర్జీలు కొట్టేవాడు. తన నంబరే పెట్టేవాడు. ఫోన్ శబ్దం మాత్రం ఇప్పుడు గట్టిగా పెట్టుకున్నాడు. టింగుమన్న ప్రతిసారీ ఉలిక్కిపడేవాడు.

పన్నెండో రోజున రంగక్క ల్యాబ్‌కు వచ్చింది. చెప్పులు బయట విడిచి, గుడ్డసంచి టేబుల్ కింద పెట్టింది. ప్యానెళ్ల కిందికి పోకుండా మిగిలిన అరెకరంలో పండిన శనక్కాయలు. ఉడకబెట్టుకుని తినండి సార్ అంది. అర్పితను పనిలో చేర్చారట, మొన్నటి నుంచి తల్లీ కూతురూ కలిసే పోతున్నారట.

"నా బిడ్డకి రాత లేదు. మీరు మాత్రం ఏం జేస్తారు సార్," అంది రంగక్క.

ఆమె చేతుల్లో పగుళ్లు కనబడ్డాయి. ఆ పగుళ్ల చేతులతోనే ఆమె దండం పెట్టి వెళ్లింది. నందీష్ సంచి ముట్టుకోలేదు. టేబుల్ కింద కాళ్లకు తగులుతుంటే కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

పంతొమ్మిదో రోజున ఈమెయిల్ పాఠం. చందన్ అనే కుర్రాడు లేచి, డిలీట్ చేసినవి యాడికి పోతాయి సార్ అని అడిగాడు. నందీష్ బోర్డు వైపు తిరిగి జవాబు చెప్పాడు. ముప్పై రోజులు ట్రాష్‌లో ఉంటాయి, ఆ లోపల ఎవరైనా తిరిగి తీసుకోవచ్చు, ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా దొరకవు అన్నాడు. చెప్పి, చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సార్‌కు ఒంట్లో బాగాలేదనుకుని పిల్లలు కిటికీలు తెరిచారు.

ఇరవై ఆరో రోజు ఆదివారం. నిడుగల్లులో తాత అరుగు మీద కూర్చుని, నందీష్ ఇంటికి తెచ్చి మూల పడేసిన ఆ సంచిలోని కాయలే రాతితో చితక్కొట్టుకుని తింటున్నాడు. ఎవరిచ్చినారప్పా అని అడిగాడు. నందీష్ గొర్రెల చెవి సంగతి ఎత్తాడు. మంద మేపేవాళ్లలో పాత కట్టుబాటు ఒకటుంది. వీపు మీద జాజు గుర్తు అందరికీ ఒకటే అయినా, చెవికి మాత్రం ఎవరి గాటు వాళ్లదే. మేతకు పోయిన చోట గొర్రె చచ్చిపోతే ఆ చెవి కోసి తెచ్చి, సొంతదారు ముందు పెట్టి, జరిగింది చెప్పాలి. నువ్వు ఎప్పుడైనా చెవి తేకుండా వచ్చినావా తాతా అని నందీష్ అడిగాడు.

చిన్నరంగప్ప రాయి పక్కన పెట్టాడు. ఒకతూరి అన్నాడు. మధ్యాహ్నం నిద్రపోయాడట, తోడేలు గొర్రెపిల్లను కొరికి చంపిందట. చెవి తెస్తే నువ్వు యాడ ఉంటివి అని అడుగుతారని భయపడి, చెవితో సహా పూడ్చేసి, రోగమొచ్చి పోయిందని దాని సొంతదారు దొడ్డయ్యకు చెప్పాడట.

"నమ్మకుండా నాలుగు తిట్టింటే బాగుండు," అన్నాడు ముసలాయన. "నమ్మి మజ్జిగ పోసినాడప్పా. ఆ మజ్జిగ ఇంకా ఈడనే ఉండాది."

ఆయన గొంతు మీద వేలు పెట్టి చూపించాడు. నలభై ఏళ్ల కిందటి మజ్జిగ. తర్వాత చెప్పినావా అని నందీష్ అడిగితే, చెబుదామనుకునే లోపల దొడ్డయ్యే పోయినాడు అని చెప్పి, మళ్లీ రాయి తీసుకున్నాడు.

ఇరవై ఎనిమిదో రోజు నందీష్ మధ్యాహ్నమే సెలవు పెట్టి బండి తీశాడు. వల్లూరు దగ్గర గేటు ముందు ఎండలో గంటన్నర నిలబడ్డాడు. వెనక్కి పోదామని రెండుసార్లు బండి తిప్పాడు, రెండుసార్లూ మళ్లీ ఆపాడు. నాలుగున్నరకు ఆడవాళ్లు పొడుగు కర్రల బ్రష్షులు అప్పగించి బయటికి వచ్చారు. గేటు దగ్గర చెక్కడబ్బాలోంచి ఎవరి ఫోన్ వాళ్లు తీసుకున్నారు. అర్పిత తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది. ముఖం మీద దుమ్ము చారలు కట్టి ఉంది. ల్యాబ్‌లో కంప్యూటర్ వెనక నిలబడిన పిల్లను గుర్తుపట్టడానికి అతనికి కొంత సమయం పట్టింది.

రంగక్క నవ్వుతూ ఎదురొచ్చి, కాయలు బాగున్నాయా సార్ అని అడిగింది.

దారి పొడుగునా అతను చాలా మాటలు సిద్ధం చేసుకున్నాడు. సభ, ప్రిన్సిపాల్, నూట నలభై మెసేజ్‌లు. వాటిలో ఒక్కటీ వాడుకోలేదు.

"రాలేదని అబద్ధం చెప్పినా. అర్పితకి సీటు వచ్చింది. నా ఫోన్‌కే వచ్చింది, నేను చూసుకోలేదు. చూసేతలికి గడువు దాటిపోయింది."

రంగక్కకు సగమే అర్థమైంది. అయితే ఇప్పుడు పోవచ్చునా సార్ అని ఆశగా అడిగింది. ఈ ఏడు పోయింది, మళ్లీ వచ్చే ఏడాదే అని అతను చెప్పాక ఆమె అక్కడే మట్టిలో కూర్చుంది. అర్పిత ఏడవలేదు. ఎప్పుడొచ్చింది అని మాత్రం అడిగింది. నాకి శాలువా కప్పిన దినం అన్నాడు. ఆ రోజు సభలో చప్పట్లు కొట్టిన వాళ్లలో ఆమె కూడా ఉంది.

చూపించండి అంది. నందీష్ తన ఫోన్ తీయబోతుంటే ఆమె తల ఊపి, అమ్మ చేతిలోని ఫోన్ తీసుకుంది. తన ఈమెయిల్ పేరు తనకు తెలుసు. దాని కింద గడి దగ్గర ఆగిపోయింది.

"పాస్‌వర్డ్ ఏంది సార్?"

మూడేళ్లుగా ఉన్న ఖాతా అది. నందీష్ తల వంచుకుని చెప్పాడు. మీ పేరా అని ఆమె అడిగింది. అవునన్నాడు. ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అతని పేరు కొట్టింది. కోడ్ అతని ఫోన్‌కి వచ్చింది, ఆరు అంకెలూ చదివి వినిపించాడు. తెరుచుకుంది కానీ ఉత్తరం కనబడలేదు. లేదే అంది. ట్రాష్‌లో చూడమన్నాడు. ఆడికి ఎట్ల పోయింది అని ఆమె అడిగింది.

"నేనే యేసినా."

ఆమె తలెత్తి అతన్ని ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందని అతను వల్లూరు దాకా భయపడుతూ వచ్చాడు. కోపం కాదు, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత ఉత్తరం తెరిచి రెండుసార్లు చదువుకుంది. అభినందనలు అర్పితా అని పేరు పెట్టి రాసినారు మా అని తల్లికి చెప్పింది.

రంగక్క కూర్చున్న చోటునుంచే నందీష్ వైపు చూసింది.

"మీకి కాయలు తెచ్చిస్తిని గదా సార్," అంది.

అర్పితే తేరుకుంది. దీన్ని మళ్లీ పోకుండా ఎట్ల పెట్టాల అని అడిగింది. నాయనకి చూపియ్యాల, సీటొస్తే పంపిస్తానన్నాడు, వచ్చింది గదా, వచ్చే ఏడు మళ్లీ రాస్తా అంది. నందీష్ అలవాటు కొద్దీ ఫోన్ కోసం చెయ్యి చాచాడు. ఆమె ఫోన్‌ను తన వైపు జరుపుకుంది. అతను చెయ్యి వెనక్కి తీసుకుని నోటితో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ ఉత్తరం మీద వేలు పెట్టి ఉంచు, పైన బాణం గుర్తు కనబడతాది, దాన్ని నొక్కు. ఆమె తప్పు నొక్కింది, మళ్లీ చెప్పాడు. ఉత్తరం తిరిగి వచ్చింది. నంబరు మార్చేది ఎట్ల అని అడిగింది, అదీ చెప్పాడు. పాస్‌వర్డ్ మార్చేది యాడ అని అడిగింది, అదీ చెప్పాడు. అంతా కలిపి అరగంట పట్టింది. నాలుగు నెలల కిందట ఆమె అడిగింది ఆ అరగంటే.

కొత్త పాస్‌వర్డ్ గడి వచ్చింది. అర్పిత వేలు ఆగింది.

"మీరు అట్ల తిరగండి సార్," అంది.

అతను తిరిగాడు. ఎదురుగా కంచె, కంచె వెనక ప్యానెళ్లు. వెనక ఆమె మెల్లగా, ఒక్కో అక్షరమే కొడుతున్న టకటక వినబడుతోంది. అది కూడా ఆగిపోయింది. అయిందమ్మా అని అడిగాడు. తువ్వాలు దులిపిన చప్పుడు, తల్లిని లేపిన చప్పుడు, దూరమవుతున్న చెప్పుల చప్పుడు వినబడ్డాయి.

జేబులో ఫోన్ టింగుమంది. ఈసారి వెంటనే తీసి చదివాడు. అర్పిత ఖాతా నుంచి ఈ నంబరును తొలగించారని ఉంది. ఆ నంబరు మీద ఇంకా రెండు వందల పదకొండు మంది ఉన్నారు. నందీష్ ఫోన్ పట్టుకుని అటు తిరిగే నిలబడ్డాడు.